పొట్టేలుకు భయం పుట్టియ్యబోయిన పాఠం

నిన్న మా బడిల ఏమైందో మీ చెవుల పడలేదంటే మీరు జడ్చర్లల లేనట్టే. పొద్దున బజారుకు పోతే పాన్ అమ్మేటాయన సుత నన్ను చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నడు. వాళ్లూ వీళ్లూ ఉప్పూకారం కలిపి చెప్పేకంటె నా నోటెంబడే ఇనుండ్రి. చాయ్ చెప్పిన, అందరు కూసోండ్రి. ఒక పొట్టేలు, ఒక పెద్ద సాబు, ఇద్దరి నడుమ నేను. ముగ్గురిల భయం ఎవరికి పుట్టాలె, ఎవరికి పుట్టింది, అంతే కత.

నేను సర్కారు బడిల పంతులునే గని, ఇన్నొద్దుల సంది కచ్చా నౌకరి. ఎప్పుడు పొమ్మంటే అప్పుడు పోవాలె. పక్కా కావాల్నంటే జిల్లాల బడులన్నిటి మీదుండే మొహతమిం సాబు వచ్చి, కూసొని నా పాఠం చూడాలె. బాగున్నదంటే నౌకరి పక్కా. లేదంటే ‘సామేలు పంతులూ, సంచి సర్దుకో’ అంటరు. నా ఒక్కనిదైతే ఏదో ఒకటి చేసుకొని బతుకుదు. మా బాపు పటేలు కాడ జీతమున్నడు. పటేలు వాకిట్ల చెప్పులిడిసి, తువ్వాల సంకల పెట్టుకొని నిలవడి నిలవడి నన్ను మిషన్ బడికి తోలిండు. కొడుకు పంతులైండని ఇప్పుడిప్పుడే జర తల పైకెత్తి నడుస్తుండు. నా నౌకరి పోతే ఆ తల మళ్ల కిందికి పోతది. నా రంది అంత అదే.

సాబు వస్తుండని మా పెద్ద పంతులు చెప్పిన కాడికెల్లి నాకు అన్నం సయిస్తలేదు. పండుకుంటే కన్ను మూతపడదు. ఒకదిక్కు కడుపుల మంట, ఒకదిక్కు గుండె గుబగుబ. మా ఇంటామె రూతమ్మ చూసి చూసి, “ఏమయ్యా, తినేటిది తింటలేవు, పండేటిది పంటలేవు. నువ్వు సచ్చినంక పక్కా అయితే ఆ నౌకరి నేను చెయ్యాల్నా? దవాఖానకన్న పో” అన్నది.

పోయిన. డాక్టర్ సాబు నా ఛాతి మీద చెవుల గొట్టం పెట్టి ఇన్నడు. నాలుక చూసిండు, కండ్ల రెప్పలు గుంజి చూసిండు. చూసి గొట్టం మెడల ఏసుకొని, “నీకు బీమారీ ఏం లేదు. భయమైంది” అన్నడు.

“భయం బీమారీ కాదా సాబ్?”

“కాదు. పులొస్తే ఉరకనీకి దేవుడు చేసిన ఇంతెజాం అది. మాంసం తింటవు కద, గుర్దాలు, అంటే మూత్రపిండాలు, చూసినవా?”

గుర్దాలెందుకు చూడ. ఏడాదికొక్కపారి పండుగకు కోస్తే గుర్దాల కోసమే కొట్లాట మా ఇంట్ల.

“ఆ గుర్దాల మీద టోపీలు పెట్టినట్టు చిన్న చిన్న గ్రంథులుంటయి. నువ్వు పులిని చూస్తవు. మెదడు ఖబరు పంపుతది. వెన్నుపూసకు రెండు దిక్కుల నరాలున్నయి, అవి మనమడిగితే కదిలేటివి కావు, మనం వద్దంటే ఆగేటివి కావు. ఖబరు వాటెంబడి ఉరికి ఆ గ్రంథుల్ని లేపుతది. అవి అడ్రినలిన్ అనేటి రసాన్ని నెత్తుట్ల ఇడుస్తయి. ఇగ చూడు. గుండె దడదడ, ఊపిరి జోరు, కంటిపాపలు పెద్దగైతయి, నోరు ఎండుతది, చెమట పోస్తది, వెంట్రుకలు నిక్కుతయి. కడుపు తన పని బంద్ చేస్తది. ఎందుకంటే నెత్తురంత కాళ్లకు చేతులకు కావాలె. అయితే కొట్లాడాలె, లేకుంటే ఉరకాలె. అప్పుడు దెబ్బ తాకినా నొప్పి తెల్వదు.”

“మరి నా ముందర పులి లేకపాయె?”

“మొహతమిం సాబు ఉన్నడు కద. గ్రంథులకు పులెవరో సాబెవరో ఏం ఎరుక? పులైతే ఒక్క గడియల వచ్చి పోతది. నీ సాబు నాలుగొద్దుల సంది నీ నెత్తిల చాప ఏసుకొని కూసున్నడు. పొద్దంత రసం కారుతుంటె అన్నమెట్ల అరుగుతది, నిద్రెట్ల పడతది?”

దవాఖాన మెట్లు దిగుతుంటె నాకు ఒక్కపారి తట్టింది. ఇదే పాఠం! అందరు పంతుళ్లు గాలి, నీళ్లు, ఈగలు, దోమలు చెప్తరు. మొహతమిం సాబు ఈగల పాఠం ఎన్ని బడులల్ల ఇన్నడో ఏమో. భయమైతే ఒంట్ల, పెయిల ఏమైతదో చెప్పిన పంతులు ఈ జిల్లాల ఉన్నడా? ఎనకకు ఉరికి డాక్టర్ సాబు కాళ్లావేళ్లా పడి ఒక పాత గొట్టం అడిగి తెచ్చుకున్న. ఆయన నవ్వుకుంట ఇచ్చిండు. ఎందుకు నవ్విండో నాకప్పుడు సమజ్ కాలే.

ఉట్టి మాటలతోటి చెప్తే పాఠమెట్లయితది, చూపియ్యాలె. మా బడి ఎనక చెల్కల మంద పెట్టేటి గొల్ల మల్లయ్యను అడిగిన. ఆయన మందల ఒక బక్క గొర్రె ఉన్నది, ఆకు రాలినా బెదురుతది. దాన్ని బడికి తోలుకొచ్చిండు. పిలగాండ్లు ఒక్కొక్కరు గొట్టం చెవులకు పెట్టుకొని దాని గుండె ఇన్నరు. నిమ్మళంగ కొట్టుకుంటుంది. అప్పుడు స్టేషన్ కాడ తిరిగేటి నల్ల కుక్కను తాడు కట్టి తెచ్చి ఎదురుంగ నిలవెట్టిన. ఇగ గొర్రె చెవులు నిక్కినయి, కండ్లు తెల్లగ పెద్దగైనయి. గొట్టం పెట్టి ఇంటె దాని గుండె టపటపటప. పిలగాండ్లు నోరు తెరిసి చూసిండ్రు. వాళ్ల మొకాలు చూసి నాకు నౌకరి అప్పుడే పక్కా అయినట్టనిపించింది. ఆ పూట కడుపు నిండ తిన్న.

“మల్లయ్యా, సాబు వచ్చిననాడు గదే గొర్రె, గదే కుక్క. ఎరుకైందా?” అన్న.

“ఫికర్ వద్దు పంతులూ. నేను చూసుకుంట” అన్నడు మల్లయ్య. చూసుకున్నడు. ఎట్ల చూసుకున్నడో ఇనుండ్రి.

నిన్న పొద్దుగాల లేసిన. పెద్ద సాబు ముందర నిలవడాల్నంటె షేర్వాణీ, రూమీ టోపీ ఉండాలె. మా ఇంట్ల షేర్వాణీ ఎక్కడిది? ఇగో, ఇక్కడ కూసున్న ఈ సదాశివుడు తనది ఇచ్చిండు. ఈయన పెయి చూడుండ్రి, నా పెయి చూడుండ్రి. పొట్ట కాడి గుండీలు ఎట్లనో పట్టినయి. గొంతు కాడి గుండీ మాత్రం పడదు. రూతమ్మ నా మెడ ఎనకకు వంచి, పండ్లు కొరుక్కుంట, “ఊపిరి పీల్చకు, ఊపిరి పీల్చకు” అనుకుంట గుండీని కాజాల జొరవెట్టింది. పెట్టినంక, “ఇగ ఇప్పుడు పీల్చు” అన్నది. ఎక్కడ పీల్చేది.

అంబలి ముందర పెట్టింది. దిగలే. బాపు గడప కాడ కూసొని చూస్తుండు. నేను బయటికి పోతుంటె, “బిడ్డా, సాబు కండ్లల్లకు చూడకు. కాళ్లకల్లి చూడు” అన్నడు. ఆయనకు తెలిసిన జాగ్రత్త అదొక్కటే. మా ఇంట్ల తాతలనాటి ఆస్తి ఏదన్న ఉన్నదంటె భయమే. నా వంతు నాకు పాలు తప్పకుండ ముట్టింది.

బడికి పోయి చూద్దును గద, వాకిట్ల గంటల సప్పుడు. గొర్రెకు గంటలెందుకబ్బా అనుకున్న. గొర్రె కాదు. పొట్టేలు. ఏం పొట్టేలు! నా నడుము దాంక ఉన్నది. రెండు సుట్లు తిరిగిన కొమ్ములు, వాటికి ఎర్ర రంగు. పెయంత కడిగి పసుపు రాసిండు. మెడకు గంటల పట్టెడ. పండుగ పందాలల్ల సుట్టుపక్కల ఊర్ల పొట్టేళ్లన్నిటినీ ఎనకకు తోలిన పొట్టేలది. సర్దారు అని పేరు.

“మల్లయ్యా, ఇదేంది? గొర్రె ఏది?”

“గా బక్కదాన్నా? పెద్ద సాబు వస్తుంటె గా బక్కదాన్ని తెచ్చి నిలవెడితె మన ఊరి ఇజ్జత్ ఉంటదా పంతులూ? జడ్చర్ల గొల్లోళ్ల మంద గిట్లుంటదా అని సాబు అనడా? అందుకే సర్దారును తెచ్చిన.”

“నాకు భయపడేటిది కావాలె మల్లయ్యా!”

మల్లయ్య నొచ్చుకున్నడు. “సాబు ముందర భయపడేటి జీవాన్ని నేనెట్ల తెస్త పంతులూ? నాకు ఇజ్జత్ లేదా?”

కుక్క సుత మారింది. స్టేషన్ కాడి గజ్జికుక్క సాబు ముందరికి తగదని మల్లయ్య తన సొంత కుక్కను తానం చేయించి తెచ్చిండు. మెడకు దానికి సుత ఒక ఎర్రగుడ్డ. గొర్రె ఏదంటె మంద తోటి దూరం మేతకు పోయిందంట. ఇంతల మోటరు సప్పుడైంది. పిలగాండ్లు లేసి నిలవడ్డరు. నా గుర్దాల మీది టోపీలు రెండూ ఒక్కపారి లేసి నిలవడ్డయి.

మొహతమిం సాబు పొడుగు మనిషి. తెల్లగడ్డం, ఎండి కండ్లద్దాలు. పెద్ద పంతులు ఆయన మెడల బంతిపూల దండ ఏసిండు. సాబు దాన్ని తీసి మేజా మీద పెట్టి, కుర్చీల కూసొని, చాయ్ కప్పు చేతిల పట్టుకున్నడు. మా బాపు చెప్పినట్టు నేను ఆయన కాళ్లకల్లి చూసిన. బూట్లల్ల నా మొకం కనవడ్డది. అది చూసినంక ఇంక భయమైంది.

“షురూ చేయండి మాస్టర్ సాబ్” అన్నడు మెల్లగ. మంచి మనిషే, కోపమేం లేదు గొంతుల. గ్రంథులకు ఆ మాట చెప్పేదెవరు?

సర్కారు బడి గనక పాఠం ఉర్దూల చెప్పాలె. ఉర్దూ నాకు ఎప్పుడు కష్టం కాలే. నిన్న మాత్రం నోరు తెరిస్తె నాలుక అంగిట్లకు అతుక్కొని ఉన్నది. గాలి వచ్చింది గని మాట రాలే. పెదవులు నాకుకున్న. నాలుక మీద తడి ఉంటె కద. ఎట్లనో, భయమైతె గుండె జోరుగ కొట్టుకుంటదని ఒక్క ముక్క చెప్పి, మాటలతోటి పని కాదని గొట్టం అందుకున్న. చేతులు వణికి అది రెండుమార్లు కింద పడ్డది.

గొట్టం చెవులకు తగిలిచ్చి, వంగి, పొట్టేలు రొమ్ము మీద పెట్టిన. దడదడదడదడ! మా సంబరమైంది నాకు. ఎంత సర్దారైతె ఏంది, సాబును చూసి లోపల బెదిరిందనుకున్న. “హుజూర్, కుక్క రాకముందే దీనికి చాన భయమైంది. గుండె ఎగిరిపడుతుంది” అన్న.

సాబు కప్పు పక్కన పెట్టిండు. లేసి వచ్చి గొట్టం తాను పెట్టుకున్నడు. కండ్లు మూసి చాన సేపు ఇన్నడు. పొట్టేలు నెమరేస్తుంది. “మాస్టర్ సాబ్, దీని గుండె ఆరాంగ ఉన్నది. నిద్రపోయేటోని లెక్క కొట్టుకుంటుంది” అని పోయి మళ్ల కుర్చీల కూసున్నడు.

అప్పుడు సమజైంది నాకు. గొట్టంతోటి చెవులు బిగుసుకున్నంక నాకు ఇనవడ్డది పొట్టేలు గుండె కాదు, నాదే.

కుక్క వచ్చినంక అంత సరి అయితదనుకొని మల్లయ్యకు సైగ చేసిన. కుక్క తోక ఊపుకుంట వచ్చింది. నేరుగ పొట్టేలు కాడికి పోయి మూతి నాకింది. పొట్టేలు దాని చెవు ఎనక కొమ్ముతోటి మెల్లగ గీకింది. మల్లయ్య మురిసిపోయి, “రెండు ఒక్కదగ్గరనే పెరిగినయి సాబ్, ఒకటి లేకుంటె ఒకటి ఉండది” అని సాబుకు చెప్తుండు. ఎనక గోడ కాడ పెద్ద పంతులు మొకం సున్నం కొట్టినట్టయింది. పిలగాండ్లు ఒకల మొకం ఒకలు చూస్తుండ్రు. వాళ్లకు నేను చెప్పిన పాఠం ఒకటి, కండ్ల ముందర అయ్యేటిది ఇంకొకటి.

ఇంతల సర్దారుకు మేజా మీది బంతిపూలు కనవడ్డయి. పోయి సాబు దండను నింపాదిగ తినుడు పెట్టింది. సాబుకు ఏసిన దండ! నేను తాడు వట్టి ఒక్క గుంజు గుంజిన. పొట్టేలు తల తిప్పి నన్ను చూసింది. నోట్లకెల్లి ఒక బంతిపువ్వు ఏలాడుతుంది. నన్ను చూసుకుంట ఒక అడుగు ఎనకకు ఏసింది. ఇంకొకటి ఏసింది.

గొర్లూ పొట్టేళ్లతోటి పెరిగినోళ్లకు ఎరుకే, పొట్టేలు ఎనకకు నడిసిందంటె అది పోయేటందుకు కాదు. మల్లయ్య, “పంతులూ, తప్పుకో! ఎనకకు నడుస్తుంది!” అని మొత్తుకున్నడు. ఆ మాట నా చెవుల పడ్డదో లేదో నాకు తెల్వదు. తర్వాత నాకు తెలిసింది ఒక్కటే, నేను మేజా మీద ఉన్న.

ఎట్ల ఎక్కిన్నో నన్నడగకుండ్రి. మామూలుగైతె ఆ షేర్వాణీల నేను మెట్టు ఎక్కలేను. సాబు ముందరి మేజా మీదికి నిలువుకు నిలువు దుంకిన. సర్దారు వచ్చి నేనున్న జాగాల ఎవరు లేరని, ఎనకున్న నల్లబల్లను ఒక్క గుద్దు గుద్దింది. బల్ల దబ్బున పడ్డది. గొంతు కాడి గుండీ తెగి ఎగిరి సాబు చాయ్ కప్పుల టుప్పున పడ్డది. సదాశివుడా, నీ గుండీ ఇగో, కడిగి తెచ్చిన.

పొట్టేలు తన కోపం తీరిందనుకొని మళ్ల దండ కాడికి పోయి మిగిలిన పూలు తింటుంది. నేను మేజా మీదనే నిలవడి ఉన్న. టోపీ ఎక్కడ పడ్డదో ఏమో. కింద మొహతమిం సాబు తల పైకెత్తి నన్ను చూస్తుండు. మా బాపు సాబు కాళ్లకల్లి చూడుమన్నడు, నేను సాబు నెత్తి మీదికెల్లి చూస్తున్న. నౌకరి పోయింది. అది ఖాయం. నా కండ్ల ముందర మా బాపు తువ్వాల తీసి మళ్ల సంకల పెట్టుకున్నడు. ఏడుపొచ్చింది నాకు, ఒట్టు.

సాబు కండ్లద్దాలు తుడుసుకొని పిలగాండ్ల దిక్కు తిరిగిండు. “బచ్చో, చెప్పండి. భయమైతే మనిషి పెయిల ఏమేమైతది?”

పిలగాండ్లు పుస్తకం దిక్కు చూడలే, కిందపడ్డ బల్ల దిక్కు చూడలే. అందరు కలిసి నా దిక్కు చూసిండ్రు. చూసి, ఉన్నదున్నట్టు అందుకున్నరు.

“నోరెండుతది సాబ్. పంతులు వచ్చినకాడికెల్లి పెదవులు నాకుతుండు.”

“చేతులు వణుకుతయి. గొట్టం కింద పడ్డది.”

“చెమట పోస్తది సాబ్. పంతులు షేర్వాణీ ఎనకంత తడిసింది.”

“గుండె జోరుగైతది. పొట్టేలుది ఇనబోతె పంతులుది ఇనవడ్డది.” ఇది నేనొక్కన్నే కనుక్కున్న అనుకున్న. వాళ్లకప్పుడే తెలిసిపోయింది.

“కండ్లు పెద్దగైతయి. చూడుండ్రి సాబ్, ఇంక గట్లనే ఉన్నయి.”

“వెంట్రుకలు నిక్కుతయి. టోపీ పడ్డది గనక కనవడుతున్నయి.”

“కొట్లాడాలె, లేకుంటె ఉరకాలె. పంతులు కొట్లాడలే.”

సాబు ఒక్కొక్క మాటకు తల ఊపుతుండు. ఊపుకుంట నన్ను చూసి సరిచూసుకుంటుండు. ఆఖరుకు ముందు వరుసల ఒకడు లేసి, “దెబ్బ తాకినా తెల్వదు సాబ్. పంతులు మోకాలి కింద మేజా కొస గీసుకపోయి నెత్తురు కారుతుంది. పంతులుకు ఇంక తెల్వలే” అన్నడు.

నేను కిందికి చూసిన. పైజామా చినిగి ఉన్నది. మేజా మీదికి నెత్తురు కారి ఉన్నది. చూసిన మరుక్షణం నొప్పి మొదలైంది. “అమ్మా” అన్న. ఇంత సేపు నా నోట్లకెల్లి సాఫుగ వచ్చిన మాట అదొక్కటే.

సాబు లేసి నిలవడ్డడు. “నేను ఇన్నేండ్లల్ల ఎన్నో బడులు చూసిన. పంతుళ్లు బల్ల మీద బొమ్మ గీసి చెప్పింది చూసిన. తన పెయి మీద చేసి చూపిచ్చినోణ్ని చూడలే. ఒక్క పిలగాడు సుత భయం గుర్తు ఒక్కటి మర్చిపోలే. మాస్టర్ సాబ్, ఇదంత మీరు ముందే సోంచి చేసిందేనా?”

అవునంటె అబద్ధం, కాదంటె నౌకరి. నేను నోరు తెరిసిన. దేవుని దయ, నాలుక ఇంక అతుక్కునే ఉన్నది. పెద్ద పంతులు గోడ కాడికెల్లి ఉరికొచ్చి, “జీ హుజూర్! వారం సంది రాత్రింబగళ్లు ఇదే తయారీల ఉన్నడు. తిండి లేదు, నిద్ర లేదు” అన్నడు. అందుల అబద్ధమేం లేదు గద.

నౌకరి పక్కా చెయ్యుమని సాబు అక్కడనే పెద్ద పంతులుతోటి అన్నడు. నన్ను మేజా మీదికెల్లి ఇద్దరు పట్టి దించిండ్రు. కాళ్లు అప్పుడు వణుకుడు మొదలువెట్టినయి, ఇద్దరు పట్టుకున్నా ఆగలే. డాక్టర్ సాబును తర్వాత అడిగితె, రసం ఒక్కపారి దిగదు, మెల్లగ దిగుతదన్నడు. మల్లయ్య నా పక్కకొచ్చి, “చూసినవా పంతులూ, గా బక్క గొర్రెను తెస్తె గిట్లయితుండెనా?” అన్నడు. ఆయనదే సరైంది గద.

ఇంటికి పోతె బాపు గడప కాడనే ఉన్నడు. నా చినిగిన పైజామా, తెగిన గుండీ చూసి లేసి నిలవడ్డడు. మొకం నల్లగైంది ఆయనకు.

“సాబు ముందర భయపడ్డవా బిడ్డా?”

“బగ్గ భయపడ్డ బాపూ.”

“అందరు చూసిండ్రా?”

“అందరు చూసిండ్రు. అందుకే నౌకరి పక్కా చేసిండ్రు.”

బాపుకు సమజ్ కాలే. మొదటికెల్లి అంత చెప్పిన. పొట్టేలు, దండ, మేజా, పిలగాండ్లు. ఇని నా చినిగిన పైజామా దిక్కు ఒకపారి చూసిండు. “మేం భయపడితె గట్టిగ రెండు పడేటివి. నువ్వు భయపడితె పిలిసి నౌకరి ఇచ్చిండ్రా?” అన్నడు. అని నవ్వుడు మొదలువెట్టిండు. నవ్వి నవ్వి దగ్గు పట్టింది. రూతమ్మ నీళ్లు తెచ్చింది. నీళ్లు తాగి మళ్ల నవ్విండు. మా బాపు గట్ల నవ్వంగ నేను ఎన్నడు చూడలే. కాలు నొప్పి అప్పుడు మాత్రం నాకు తెల్వలే, ఆ రసం లేకున్నా సరే.

నవ్వుండ్రి, నవ్వుండ్రి. సదాశివుడు ఇగ నేను నిమ్మళంగ పండుకోవచ్చంటుండు. ఏం నిమ్మళం? సాబు మోటరు ఎక్కుకుంట నన్ను పిలిసిన సంగతి మీకు చెప్పలే. వచ్చే నెల మహబూబ్‌నగర్‌ల జిల్లా పంతుళ్లందరు కూడుతున్నరంట. వాళ్లందరి ముందర నేను ఇదే పాఠం మళ్ల చెప్పాలెనంట. “తప్పకుండ చెప్త హుజూర్, మల్లయ్యతోటి పొట్టేలును సుత తోలుకొస్త” అన్న. సాబు కిటికీలకెల్లి చెయ్యి బయటికి పెట్టి నా భుజం తట్టిండు.

“పొట్టేలు ఎందుకు మాస్టర్ సాబ్? దానికి ఏం రాదు. మీరొక్కరొస్తే చాలు” అన్నడు.

నిన్నటి సంది కన్ను మూతపడలే, ముద్ద దిగుతలేదు, ఈ చాయ్ కప్పు చూడుండ్రి ఎట్ల వణుకుతుందో. తయారీ బగ్గ జోరుగ నడుస్తుంది.